తక్కువ పోషణతో పెరుగు పెరటి మొక్కలు

తొలకరి వానలు పడగానే మన గ్రామములలో మొక్కల సందడి మొదలగును. నర్సరీ బండ్లు వీధులలోనికి వచ్చును. పాఠశాలలలోను, పంచాయతీ కార్యాలయములలోను మొక్కలు పంచిపెట్టుదురు. 1950వ సంవత్సరమున దేశమున వనమహోత్సవము ఆరంభమైన నాటినుండి ఇది మనకు అలవాటైన పండుగయే. ఆషాఢ శ్రావణములలో ప్రతి పెరడును పచ్చగా కానవచ్చును. కాని మరల చైత్ర వైశాఖములలో అదే పెరటిని చూచినచో, నాటినవానిలో అనేకము ఎండుపుల్లలై నిలిచియుండుట మనము ఎరుగని సంగతి కాదు.

కారణమడిగినచో "నీరు లేదండీ, తీరిక లేదండీ" అని ఇంటివారు చెప్పుదురు. ఈ మాటలో అసత్యము లేదు. తెల్లవారకముందే లేచి పశువులపని, వంటపని ముగించుకొని పొలమునకు పోవు ఇల్లాలికి మొక్కలకు బిందెలు మోయు తీరిక ఎక్కడిది? ఎండకాలము వచ్చునప్పటికి ఇంటికే నీరు చాలదు. ఈ రెండు కష్టములును ముందే తెలిసియుండియు, దినదినము నీరు కోరు మొక్కను తెచ్చి నాటుటయే మనము చేయుచున్న పొరపాటు. తీరిక లేని ఇంటికి తగిన మొక్కలు వేరుగా కలవు. అవి మనకు క్రొత్తవి గావు. కాని "పెరటిచెట్టు మందునకు పనికిరాదు" అన్న సామెత చొప్పున, కన్నులయెదుట నున్నవానిని విడిచి, నర్సరీలో రంగురంగులుగా కనిపించిన వానిని కొని తెచ్చుకొనుచున్నాము.

ఏ మొక్కను ఎన్నుకొనవలెనో, దేనిని దూరముగా నుంచవలెనో, తొలి యేడాది ఎట్లు కాపాడవలెనో ఈ పాఠమున తెలిసికొందము.

ముందుగా నీటి లెక్క

మొక్క కొనుటకు పూర్వమే ఇంటి నీటి లెక్క చూచుకొనవలెను. 2019 ఆగస్టు 15వ తేదీన ప్రకటింపబడిన జలజీవన్ మిషన్ గ్రామములలో మనిషి ఒక్కింటికి దినమునకు 55 లీటర్ల నీటిని లక్ష్యముగా నిర్ణయించినది. త్రాగుటకు, వంటకు, స్నానమునకు, బట్టలకు, పాత్రలకు అన్నింటికిని ఇదియే.

ఇప్పుడు పట్టణపు బంగళాలను చూచి ముంగిట పచ్చిక వేసికొనదలచిన ఇంటి సంగతి పరిశీలింతము. పది అడుగుల పొడవును, పది అడుగుల వెడల్పును గల పచ్చిక తొమ్మిది చదరపు మీటర్లకు కొంచెము పైగా నుండును. చదరపు మీటరు నేలపై ఒక లీటరు నీరు పోసినచో ఒక మిల్లీమీటరు వాన కురిసినదానితో సమానము. ఎండకాలమున పచ్చిక దినమునకు ఆరు మిల్లీమీటర్ల నీటినైనను కోరును. లెక్కవేసి చూచినచో, ఆ చిన్న పచ్చికకు దినమునకు సుమారు 55 లీటర్లు కావలెను. ఒక మనిషికి దినమంతయు సరిపోవలసిన నీటిని ఆ కొద్దిపాటి గడ్డి త్రాగివేయుచున్నది!

కుండీలలోని మొక్కల సంగతియు ఇట్టిదే. కుండీలోని మట్టి కొద్దిపాటిది గనుక ఎండలో ఒక్కనాటిలో ఆరిపోవును. వేరు లోతునకు పోవుటకు దారి లేదు. ఒక్కనాడు మరచినను మొక్క వ్రేలాడిపోవును. ఇంటివారు రెండుదినములు పెండ్లికి పోయివచ్చినచో అది బ్రతుకుట కష్టము. అదే మొక్క నేలలో నున్నచో వేరు తనకు వలసిన చెమ్మను తానే వెదకికొనును. కనుక స్థలమున్న ఇంట మొక్క నేలలోనే నుండవలెను.

నేలనుబట్టి మొక్క

అనంతపురము ప్రాంతమున ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియును. శ్రీకాకుళము ప్రాంతమున దానికి రమారమి రెట్టింపు కురియును. ఒకచోట సుఖముగా పెరిగిన మొక్క వేరొకచోట అలమటించుటలో వింత లేదు. వానకు తోడు నేలయు చూడవలెను.

తెలంగాణలోని ఎర్ర చల్కలు, రాయలసీమలోని ఎర్రనేలలు నీటిని త్వరగా వదలివేయును. ఇట్టిచోట సీతాఫలము, ఉసిరి, మునగ, వాక చక్కగా వచ్చును. గోతిలో నాలుగు తట్టల చెరువుమట్టి కలిపినచో చెమ్మ మరికొన్నిదినములు నిలుచును. నల్లరేగడి భూములలో కష్టము దీనికి వ్యతిరేకముగా నుండును. అచ్చట వానకాలమున నీరు నిలిచి వేళ్ళు కుళ్ళును. మునగయు, బొప్పాయియు నీటి నిలువకు ఏమాత్రము ఓర్వజాలవు. కాబట్టి రేగడిలో మట్టిని అడుగెత్తు దిబ్బగా పోసి దానిపై మొక్క నాటవలెను. చౌడు తగిలిన నేలలో రేగు, ఉసిరి, కానుగ, వేప నిలువగలవు. సముద్రతీరపు ఇసుకనేలలలో కొబ్బరి, జీడిమామిడి సహజముగానే పెరుగుచున్నవి.

నేల సంగతి తెలియనివారికి ఒక సులువైన మార్గము కలదు. ఊరిలో ఎవరును నీరు పోయని పాడుపడిన దొడ్డిలోనికి పోయి, ఎండకాలమున అచ్చట ఏ మొక్క పచ్చగా నున్నదో చూడవలెను. ఆ నేలకు ఏది తగునో ఆ దొడ్డియే చెప్పును.

కూరకు, పండునకు

పెరటిలో మొదటి స్థానము మునగది. కొమ్మ పాతినను వచ్చును. విత్తనము పెట్టినను వచ్చును. పి.కె.ఎం.-1 అను విత్తన రకము ఆరునుండి ఎనిమిది మాసములలోనే కాపునకు వచ్చును. వేరు పాతుకొన్న పిమ్మట నీరు లేకున్నను నిలుచును. ఏటేట కాపు ముగియగానే నాలుగడుగుల ఎత్తున నరికివేసినచో, క్రొత్త కొమ్మలు చేతికందునట్లు వచ్చును. మునగకొమ్మ పెళుసుది, పిల్లలను ఎక్కనీయరాదు. ఇంటికప్పునకు దూరముగా నాటవలెను. వానకాలమున మానునకు గొంగళిపురుగులు గుంపుగా పట్టును. కాగడాతో గాని, సబ్బునీటితో గాని అప్పుడే తొలగించవలెను.

మునగకాయను మాత్రమే కూరయనుకొని ఆకును పశువులకు వేయు ఇండ్లు పెక్కు గలవు. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, రెండు తెలుగు రాష్ట్రములలోను 15 మొదలు 49 ఏండ్లలోపు స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదు. ఆకుకూర ఒక్కటియే ఈ జబ్బును మాన్పదు. వైద్యులిచ్చు ఇనుపధాతువు మాత్రలు మ్రింగవలసినదే. కాని సంత దూరమైన పల్లెలో, చేతిలో పైసలు లేనినాడు సైతము, పప్పులో వేసికొనుటకు పిడికెడు ఆకు పెరటిలో నుండుట చిన్న మేలు కాదు.

రెండవది కరివేప. తొలి రెండేండ్లు మెల్లగా పెరుగును గనుక కొందరు విసుగుచెంది పెరికివేయుదురు. ఓపిక పట్టినచో ఆ పిమ్మట తరతరములు ఉండును. కోసినకొలది గుబురుగా పెరుగును. మొదట పుట్టు పిలకలను తీసి ఇరుగుపొరుగులకు ఈయవచ్చును.

పండ్లలో సీతాఫలమునకు మించిన నిరాడంబరమైన చెట్టు లేదు. మహబూబ్‌నగర్ ప్రాంతపు బాలానగర్ సీతాఫలములు ప్రసిద్ధములు. ఈ చెట్టు రాళ్ళలోనైనను పెరుగును. మేకలు దీని ఆకు ముట్టవు. ఎండకాలమున ఆకు రాల్చి నిలుచును. అది చచ్చినదని తలచి నరికివేయరాదు. తొలకరి రాగానే మరల చిగురించును. దీని గింజలపొడి కంటిలో పడినచో ప్రమాదము. పిల్లలకు ఈ విషయము చెప్పియుంచవలెను. స్థలమున్నవారు ఉసిరిని గూడ నాటవచ్చును. ఒంటి ఉసిరిచెట్టునకు కాపు తక్కువ. పొరుగింటివారు వేరొక రకము నాటినచో ఇరువురికిని లాభము.

ఆకుకూరలలో ఏటేట విత్తనము కొననక్కరలేనివి తీగబచ్చలి, పొన్నగంటి. దొండ తీగముక్క నాటి పందిరికెక్కించినచో కొన్ని యేండ్లవరకు కాయలిచ్చును. పందిరి నీడలో నీటికుండ గాని, నులకమంచము గాని పెట్టుకొనవచ్చును.

స్నానపునీరు పోవుచోట

ప్రతి ఇంటను దినదినము పారబోయు నీరు స్నానాలదొడ్డి వెనుక మడుగుకట్టి దోమలకు నెలవగుచున్నది. ఇదియే పెరటికి ఉచితముగా లభించు నీరు. ఈ నీరు పారు కాలువప్రక్కన అరటి, చేమ, మెట్టతామర నాటవలెను. ఇవి నీటిని ఎంతయైనను పీల్చుకొనును, సబ్బునీటికి వెరవవు. నీరు ఒకేచోట నిలువకుండ వారమునకొకసారి కాలువను పారతో ఇటునటు మార్చవలెను. పచ్చిగా తిను కొత్తిమీర, పుదీన వంటివానికి ఈ నీరు పెట్టరాదు.

పూలకు

పూజకును, జడకును పూలు లేని పెరడు మన ఇండ్లకు శోభించదు. గులాబియు, మల్లెయు పోషణ కోరును. పోషణ చేయలేనివారికి నందివర్ధనము మిక్కిలి అనుకూలము; ఏడాది పొడుగున పూయును, కత్తిరించినచో తిరిగి గుబురుగా వచ్చును. పారిజాతము ఎండకాలమున ఆకు రాల్చి శరత్కాలమున నేలనిండ పూలు రాల్చును. బిళ్ళగన్నేరు తన విత్తనము తానే చల్లుకొని మరుసటి యేడు మరల మొలచును. కాన్సరు చికిత్సలో వాడు విన్‌క్రిస్టీన్, విన్‌బ్లాస్టీన్ అను మందులు ఈ మొక్కనుండియే లభించినవి. అంతమాత్రమున దానిని నమలి తినరాదు. అది ఇంటివైద్యమునకు తగిన మొక్క కాదు.

కాగితపుపూలని మనవారు పిలుచు బోగన్‌విల్లాకు ఒక విచిత్రగుణము కలదు. నీరు ఎక్కువైనచో ఆకు వేయును. నీరు తక్కువైనచో పూలు వేయును. గేటుప్రక్కన పెంచుటకు ఇది తగినది. ముళ్ళు గలది గనుక నడుచు దారికి మూడడుగుల దూరమున నుంచవలెను.

కంచెకు

ముళ్ళకంప కంచెను ఏటేట కట్టవలెను, చెదలు పట్టును. బ్రతికియున్న కంచె ఒకసారి నాటినచో చాలును. వాకమొక్కలు మూడడుగులకొకటి చొప్పున నాటినచో నాలుగేండ్లకు మేక దూరని కంచె యగును. వానకాలమున పప్పునకును, పచ్చడికిని వాక్కాయలు లభించును. గోరింట రెండడుగులకొకటి నాటి, ఏడాదికి రెండుమారులు కత్తిరించినచో చాలును. కత్తిరించిన ఆకు ఆడపిల్లలకు పండుగ తెచ్చును.

పోషణ లేకున్నను పెరుగునుగాని...

ఇచ్చట ఒక ముఖ్యమైన హెచ్చరిక చేయవలసియున్నది. నీరు పోయకున్నను బ్రతుకుట ఒక్కటియే గుణముగా తీసికొని మొక్కను ఎన్నుకొనరాదు. పశువు ముట్టదు, ఎండకు చావదు అని మనము మెచ్చుకొను మొక్కలలో కొన్ని విషపూరితములగుటచేతనే పశువు ముట్టకున్నది.

గన్నేరు ఇందుకు ఉదాహరణము. ఎర్రగన్నేరునందును, పచ్చగన్నేరునందును ఆకు, పూవు, కాయ, బెరడు అన్నియు విషమే. ఆ విషము గుండెపై పనిచేయును. పెద్ద రహదారుల నడుమ నాటుటకు ఇది తగవచ్చును. పసిపిల్లలు ఆడుకొను పెరటిలో తగదు. కత్తిరించిన గన్నేరుకొమ్మలను పశువుల గాటిలో పడనీయరాదు. ఎండినవానిని పొయ్యిలోనికి పుల్లలుగా వాడరాదు.

అడవి ఆముదమని చెప్పు జట్రోఫాను 2000 తరువాతి దశాబ్దమున డీజిలునూనె కొరకు విరివిగా నాటించిరి. నూనె ఆశ తీరలేదు. మొక్కలు మాత్రము గట్లవెంట, పాఠశాలల కంచెలవెంట మిగిలినవి. దీని గింజ తినుటకు రుచిగా నుండును. వేరుసెనగవంటిదని తిని వాంతులు, విరేచనములతో ఆసుపత్రి పాలైన పిల్లల వార్తలు పత్రికలలో పలుమారులు వచ్చినవి. ఉమ్మెత్తకాయయు, గురివిందగింజయు ఇట్టి ప్రమాదకరములే. బిడ్డ ఏదైన కాయగాని, గింజగాని తిన్నట్లు అనుమానము కలిగినచో ఇంటివైద్యములతో కాలము గడపక, వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసికొనిపోవలెను. తిన్న కాయను, ఒక ఆకును వెంట తీసికొనిపోయినచో వైద్యునకు సహాయముగా నుండును.

మరికొన్ని మొక్కలు విషము లేకున్నను అదుపు తప్పును. సర్కారుతుమ్మ విత్తనములను 1877 ప్రాంతమున కడప మండలములోని కమలాపురమున తొలిసారి నాటించిరని అటవీశాస్త్ర గ్రంథములు చెప్పుచున్నవి. వంటచెరకునకు పనికివచ్చుననియే తెచ్చిరి. నేడు చెరువుగర్భములను, బీళ్ళను అది ఎట్లు ఆక్రమించినదో చూచుచునే యున్నాము. రంగురంగుల పూలకై తోటలలోనికి తెచ్చిన లాంటానాయు అట్లే అడవుల నాక్రమించినది. పెరటిలో నాటునది మన గోడలోపలనే యుండునా, పొరుగువాని చేనిలోనికి పోవునా అని ఆలోచించుట గ్రామధర్మము.

రావి, మర్రి దేవాలయపు ఆవరణలకును, చెరువుగట్లకును శోభ. ఇంటిగోడప్రక్కన వానివేళ్ళు పునాదిని చీల్చును. వేపనైనను గోడకు పండ్రెండు పదునైదడుగుల దూరమున నాటుట మేలు.

తొలి యేడాది పని

పోషణ అక్కరలేని మొక్కకుగూడ తొలి యేడాది పోషణ తప్పదు. ఆ ఏడాదిలో మనము చేయు పనియే తరువాతి యేండ్ల విశ్రాంతిని సంపాదించిపెట్టును.

వైశాఖమున రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు గల గోతులు త్రవ్వి ఎండనీయవలెను. పైమట్టిలో రెండుతట్టల మాగిన పశువుల ఎరువును, రెండు దోసిళ్ళ వేపపిండిని కలిపి గోతిని నింపవలెను. వేపపిండి చెదలను కొంత అరికట్టును. నేల లోతుగా తడియునట్లు వానలు పడిన పిమ్మట నాటవలెను. నెల్లూరు, చిత్తూరు ప్రాంతములవారికి అక్టోబరు వానలు గూడ అనుకూలములే. మొక్కను ప్లాస్టిక్ సంచితో పాతిపెట్టువారు ఇంకను కలరు. సంచిని బ్లేడుతో కోసి తీసివేయవలెను. అడుగున చుట్టలు చుట్టుకొనియున్న వేళ్ళను కత్తిరించవలెను; లేనిచో అవి ఆ చుట్టలోనే తిరుగుచుండును.

దినమునకొక చెంబు చొప్పున పోయు నీరు పైమట్టిని తడిపి ఆవిరియగును. వేళ్ళు చెమ్మకొరకు పైననే ఉండిపోవును. అట్లుగాక నాలుగైదు దినములకొకసారి నిండుగా పోసినచో నీరు లోతునకు దిగును. వేరు దానివెంట దిగును. దీనికి కుండ పద్ధతి మిక్కిలి మంచిది. అయిదు లీటర్లు పట్టు క్రొత్త మట్టికుండను మొక్కకు అడుగు దూరమున మెడవరకు పాతి, నీరు నింపి, దోమలు చేరకుండ మూకుడుతో మూయవలెను. కుండగోడలనుండి నీరు మెల్లగా ఊరి వేళ్ళకందును. నాలుగుదినములకొకసారి నింపినచో చాలును. మొక్కచుట్టును మూడంగుళాల మందమున ఎండుటాకు గాని, వేరుసెనగపొట్టు గాని పరచవలెను. మొదలునకు మాత్రము తగులనీయరాదు.

మూడు సెంట్ల ఇంటికి ఒక ఏర్పాటు

మూడు సెంట్ల స్థలమున సగము ఇల్లు పోగా ఒకటిన్నర సెంటు, అనగా సుమారు 650 చదరపు అడుగులు మిగులుననుకొందము. వీధివైపున గోడకు దూరముగా ఒక వేప. గేటుప్రక్కన ఒక బోగన్‌విల్లా. ముంగిట రెండు నందివర్ధనములు. తూర్పున ఒక పారిజాతము. పెరటిలో మునగ, కరివేప, సీతాఫలము ఒక్కొక్కటి. మొత్తము ఎనిమిది. స్నానపుకాలువ ప్రక్కన రెండు అరటిపిలకలు, చేమ, వంటింటివెనుక దొండపందిరి, ఖాళీలలో బచ్చలి, బిళ్ళగన్నేరు. కంచెను రెండవ వానకాలమున నాటినను చాలును. అన్ని పనులును ఒక్కయేడే తలకెత్తుకొనరాదు.

ఈ ఎనిమిది మొక్కలకు ఎనిమిది కుండలు. నాలుగుదినములకొకసారి 40 లీటర్లు. అనగా దినమునకు 10 లీటర్లు మాత్రమే. అదియు తొలి యెండకాలమునకు, మిక్కిలి మెట్టప్రాంతములలో రెండవదానికిని. ఆ పిమ్మట ఈ చెట్లు మనలను అంతగా అడుగవు. వెనుక చెప్పిన పచ్చిక దినమునకు 55 లీటర్ల చొప్పున ఏయేటి కాయేడు అడుగుచునే యుండును. కూరకు ఒక ఆకైనను ఈయదు.

పంచాయతీలకు ఒక మనవి

పంచిన మొక్కల సంఖ్యకంటె మరుసటి జ్యేష్ఠమున బ్రతికియున్న మొక్కల సంఖ్య ముఖ్యము. కావున గ్రామ పంచాయతీలును, మహిళా సంఘములును తొలకరికి రెండుమాసములు ముందుగానే ఇంటింటికి పోయి, స్థలమెంత, నేల ఎట్టిది, నీరు మోయువారెవరు అని విచారించి, ఆ ఇంటికి తగిన మొక్కల పట్టిక వ్రాసికొనవలెనని కోరుచున్నాము. నీరు మోయు ఇల్లాలి మాటను ఈ విషయమున మొదట వినవలెను. ఆమె భుజముపై బరువు పెంచు మొక్క ఎంత అందమైనదైనను ఆ ఇంటికి తగినది గాదు. ఆమె వంటకు ఆకునిచ్చి, పనిచేసి వచ్చినవారికి నీడనిచ్చు చెట్టు ప్రతి పెరటికిని తగినదే.